ఎక్సెల్ పవర్ క్వెరీలో ‘ఫ్రమ్ వెబ్’: మండీ ధరలకు, వాన లెక్కలకు లింకు అతికిస్తే సరిపోతుందా?

చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులోనైనా, తిరుపతిలో కూరగాయలు క్వింటాళ్ల లెక్కన కొనే హోటల్లోనైనా పొద్దున్నే జరిగే పని ఒకటే. ఎవరో ఒకరు బ్రౌజర్ తెరిచి మార్కెట్ ధరలు చూసి ఎక్సెల్‌లో చేత్తో కొడతారు. 1850 అని పడాల్సిన చోట 1580 పడితే కనిపెట్టే నాథుడుండడు. ఈ చేతిపని తప్పించడానికి కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. ఎక్సెల్ 2016 నుంచి డేటా ట్యాబ్ లోపలే పవర్ క్వెరీ, అంటే బయటి డేటాను తెచ్చి శుభ్రం చేసే భాగం, ఉంది. అందులో ‘ఫ్రమ్ వెబ్’ అనే బటన్ హెచ్‌టీటీపీ మీద బయటి సర్వర్‌ను అడిగి, వచ్చిన జవాబును టేబుల్‌గా మార్చి షీటులో పరుస్తుంది. ఈ రివ్యూ ఆ బటన్ గురించే.

టూలు మంచిదే, గుమ్మమే ఇరుకు. బటన్ నొక్కితే ఒక ఖాళీ పెట్టె వస్తుంది, లింకు అతికించమంటుంది. అతికిస్తే డేటా వస్తుంది, చూసినవాళ్లు పనైపోయిందనుకుంటారు. అలా తెచ్చిన షీటు వేరే కంప్యూటర్‌లో తెరిస్తేనో, కీ (సర్వర్ మీకిచ్చే రహస్య సంకేతం) మారితేనో, పవర్ బీఐకి (మైక్రోసాఫ్ట్ రిపోర్టుల టూలు) ఎక్కిస్తేనో పడిపోతుంది. లింకును ముక్కలు చేసి ఒక్కో ముక్కను దాని గదిలో పెట్టడమే ఇక్కడ అసలు కాన్ఫిగరేషన్. ఆ మాట టూలు ఎక్కడా చెప్పదు. మా ఫిర్యాదులో ముప్పావు వంతు ఇదే.

ఫంక్షన్ల పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి. పవర్ క్వెరీ వెనకున్న ‘ఎం’ భాషకు పెద్దక్షరం, చిన్నక్షరం వేర్వేరు. ఒక్క అక్షరం అటుఇటైనా ఆ పేరు తనకు తెలియదంటుంది.

ఎక్సెల్ 2016లో డేటా, న్యూ క్వెరీ, ఫ్రమ్ అదర్ సోర్సెస్ దారిలో వెళ్తే ఫ్రమ్ వెబ్ దొరుకుతుంది. తర్వాతి వెర్షన్లలో న్యూ క్వెరీ స్థానంలో గెట్ డేటా అని ఉంటుంది. ఎక్సెల్ 2010, 2013లకు ఇది విడిగా వేసుకునే యాడ్-ఇన్. పాత విండోస్ 7 మీద వాటితో ఈ పని పెట్టుకోవద్దు. సురక్షిత కనెక్షన్ కుదరలేదనే ఎర్రర్ దగ్గరే సగం రోజు పోతుంది, తప్పు లింకుది అనుకుంటారు.

మొదట కీ అక్కర్లేని చోట

చెయ్యి తిరగడానికి ఓపెన్-మీటియో వాతావరణ ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా డేటా అడిగే అడ్రస్) బాగుంటుంది. రిజిస్ట్రేషన్ లేదు, కీ లేదు. ఉచిత వాడకం వ్యాపారేతర పనులకు మాత్రమే, అదీ సర్వర్‌ను అడగడం రోజుకు 10,000 పిలుపుల లోపు. ఫ్యాక్టరీ పనికి రోజూ వాడేటట్టయితే చందా కట్టాలి. నేర్చుకోవడానికి ఆ ఇబ్బంది లేదు.

తిరుపతికి అక్షాంశం 13.63, రేఖాంశం 79.42. చిత్తూరుకు 13.22, 79.10. అడగాల్సింది రోజువారీ వాన మొత్తం, మిల్లీమీటర్లలో. పూర్తి లింకును పెట్టెలో అతికించి చూడండి. కొత్త ఎక్సెల్ వెర్షన్లు జవాబు జేసన్ (డేటాను టెక్స్ట్‌గా పేర్చి పంపే ఒక అమరిక) అని గుర్తుపట్టి, అతి తెలివితో దాన్ని వాటంతటవే విప్పేస్తాయి. ఏడు రోజుల వాన అడిగితే 49 వరుసలు రావచ్చు. డేటా చెడిపోలేదు. ఈ ఏపీఐ తేదీలన్నీ ఒక జాబితాగా, వాన అంకెలన్నీ ఇంకో జాబితాగా పంపుతుంది. రెండు జాబితాలనూ విడివిడిగా వరుసల్లోకి విప్పితే ప్రతి తేదీకీ ప్రతి అంకే జతపడుతుంది, ఏడేళ్లు నలభైతొమ్మిది. వెనక్కి 92 రోజులు కూడా కలిపి 99 రోజులు అడిగారంటే 9801 వరుసలు. మొత్తం వాన కూడితే శేషాచలం కొట్టుకుపోయేంత అంకె వస్తుంది.

దీనికి మందు తేలికే. కుడివైపు అప్లైడ్ స్టెప్స్‌లో ‘సోర్స్’ ఒక్కటి ఉంచి కింది మెట్లన్నీ తీసేయండి. తర్వాత టేబుల్.ఫ్రమ్‌కాలమ్స్ ఫంక్షన్‌కు రెండు జాబితాలనూ పక్కపక్కన ఇచ్చి, ‘తేదీ’, ‘వాన’ అని రెండు పేర్లివ్వండి. కాలమ్ పేర్లు తెలుగులో ఉన్నా పవర్ క్వెరీకి అభ్యంతరం లేదు. ఇప్పుడు ఏడు రోజులకు ఏడు వరుసలే.

టైమ్‌జోన్ విషయంలో ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. అది పంపకపోతే సర్వర్ గ్రీన్‌విచ్ సమయం లెక్క తీసుకుంటుంది. అంటే దాని ‘రోజు’ మనకు పొద్దున 5:30కి మొదలై మర్నాడు 5:30కి ముగుస్తుంది. నవంబర్‌లో వాయుగుండం పట్టి రాత్రంతా కురిసిందనుకోండి, తెల్లవారుజామున 2 గంటలకు పడ్డ వాన నిన్నటి లెక్కలోకి పోతుంది. టైమ్‌జోన్ విలువగా ఏషియా/కోల్‌కతా అని తప్పనిసరిగా పంపాలి. ఇంకో మాట: ఈ అంకెలు వాతావరణ మోడల్ అంచనాలు, వర్షమాపకంలో కొలిచినవి కావు. తోటకు మందు ఎప్పుడు కొట్టాలో చూసుకోవడానికి సరిపోతాయి, పంట బీమా కాగితానికి సరిపోవు.

ఇక అసలు పని: మండీ ధరలు

కేంద్ర ప్రభుత్వ డేటా పోర్టల్ డేటా.గవ్.ఇన్‌లో దేశంలోని మార్కెట్ యార్డుల రోజువారీ ధరల జాబితా ఉంది. రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, గ్రేడు, వచ్చిన తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర (ఎక్కువ సరుకు పలికిన ధర) అనే కాలమ్‌లు వస్తాయి. ధరలన్నీ క్వింటాలుకు రూపాయల్లో. మన దగ్గర టమోటా మాట క్రేటు లెక్కన, మామిడి మాట కిలో లెక్కనో టన్ను లెక్కనో నడుస్తుంది కాబట్టి, 100తో భాగించే కాలమ్ ఒకటి పవర్ క్వెరీలోనే చేర్చేయాలి. షీటులో ఫార్ములా రాస్తే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దాని మీద చెయ్యేస్తారు.

పోర్టల్‌లో ఖాతా తెరిస్తే సొంత కీ వస్తుంది. పేజీలో కనబడే శాంపిల్ కీతోనే పని మొదలుపెడితే ఒక్కసారికి 10 వరుసలకు మించి రావు. లిమిట్ (ఎన్ని వరుసలు కావాలో చెప్పే విలువ) 500 అని పంపినా పదే వస్తుంటే లింకును అనుమానించకండి, కీని చూడండి.

లింకును మూడు ముక్కలు చేయాలి. మొదటిది మారని అడ్రస్, అంటే ఏపీఐ.డేటా.గవ్.ఇన్ వరకు. వెబ్.కంటెంట్స్ ఫంక్షన్‌కు మొదటి విలువగా అదొక్కటే ఇవ్వాలి. రెండోది ‘రిసోర్స్’ అనే మాట, దాని వెనకొచ్చే 36 అక్షరాల పొడవాటి గుర్తింపు, ఇది రిలేటివ్‌పాత్ అనే ఆప్షన్‌లోకి. ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా, ఫార్మాట్, లిమిట్, ఆఫ్‌సెట్ (ఎన్నో వరుస నుంచి), ఫిల్టర్లు, క్వెరీ అనే రికార్డు (పేరు, విలువ జతల మూట) లోకి. ఇలా రాస్తే ఖాళీలను, ప్రత్యేక అక్షరాలను టూలే హెచ్‌టీటీపీకి తగ్గట్టు మార్చుకుంటుంది. ‘ఆంధ్రప్రదేశ్’కు ఇంగ్లీషులో మధ్యనున్న ఖాళీని మీరు శాతం గుర్తు పెట్టి 20 అని ముందే మార్చి రాశారంటే రెండుసార్లు మారిపోతుంది. సర్వర్‌కు ఆ పేరున్న రాష్ట్రం కనబడదు.

క్వెరీ రికార్డులో రెండు ముళ్లున్నాయి. విలువలన్నీ టెక్స్ట్‌గానే ఉండాలి. లిమిట్ = 500 అని అంకెగా రాస్తే దాన్ని టెక్స్ట్‌గా మార్చలేనని ఎర్రర్ ఇస్తుంది, కోట్స్‌లో "500" అని రాయాలి. అంకె ఇంకోచోటి నుంచి వస్తుంటే టెక్స్ట్.ఫ్రమ్ తగిలించాలి. రెండోది, పేరులో హైఫన్‌గానీ చదరపు బ్రాకెట్లుగానీ ఉంటే ఎం భాష ఒప్పుకోదు. ఈ పోర్టల్‌లో ఫిల్టర్ పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో ఫీల్డు పేరుంటుంది. అలాంటి పేరును # గుర్తు పెట్టి, వెంటనే కోట్స్ మధ్య రాయాలి. ఈ సంగతి ఎర్రర్ సందేశం చదివితే అర్థం కాదు, కామా తక్కువైందేమో అన్నట్టు మాట్లాడుతుంది.

కీ ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. చాలామంది క్వెరీ రికార్డులోనే రాసేస్తారు. పనిచేస్తుంది. ఆ ఫైల్ వాట్సాప్‌లో ఎంతమందికి పోతే మీ కీ అంతమంది దగ్గరికీ పోయినట్టే. సరైన దారి ఏపీఐకీనేమ్ అనే ఆప్షన్. అందులో కీ పారామీటర్ పేరు మాత్రమే రాయాలి. అసలు కీని, టూలు లాగిన్ వివరాలు అడిగినప్పుడు ‘వెబ్ ఏపీఐ’ అనే వరుస ఎంచుకుని అక్కడ ఇవ్వాలి. కింద ఏ స్థాయికి వర్తించాలని అడిగినప్పుడు పొట్టి అడ్రస్‌నే ఎంచుకోండి. అప్పుడు కీ ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఫైల్‌తోపాటు పోదు. వేరే కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే కీ మళ్లీ అడుగుతుంది. అది లోపం కాదు, కావలసిందే అది. ఏపీఐకీనేమ్ రాయకుండా వెబ్ ఏపీఐ ఎంచుకుంటే కీకి పేరు చెప్పలేదని తిప్పి పంపుతుంది. చాలామంది అక్కడే విసిగి ‘అనానిమస్’ (లాగిన్ లేని పద్ధతి)కు మారి, కీని తీసుకెళ్లి కోడ్‌లో అతికిస్తారు.

మొదటిసారి పొరపాటున అనానిమస్ నొక్కినవాళ్లకు ఇంకో తిప్పలు. టూలు ఆ ఎంపికను గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ అడగదు. క్వెరీ ఎన్నిసార్లు తీసేసి కొత్తగా పెట్టినా పాత ఎంపికతోనే పోతుంది. డేటా సోర్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ అడ్రస్‌కు ‘క్లియర్ పర్మిషన్స్’ కొడితేనే మళ్లీ మొదటి ప్రశ్న వస్తుంది. కీ మారినప్పుడూ దారి ఇదే.

కీని హెడర్‌లో, అంటే అడిగేటప్పుడు వెంట వెళ్లే అదనపు వివరాల్లో, ఇమ్మనే సర్వీసులకు హెడర్స్ అనే మరో రికార్డు ఉంది. ఆథరైజేషన్ హెడర్ మీరే రాస్తుంటే మాత్రం లాగిన్ పద్ధతి అనానిమస్‌గానే ఉంచాలి, వేరేది ఎంచుకుంటే ఒప్పుకోదు. అప్పుడు టోకెన్ (కీ లాంటి రహస్య సంకేతం) కోడ్‌లో బయటపడి ఉంటుంది. ఎక్సెల్‌లో దీనికి అందమైన పరిష్కారం లేదు.

పేర్ల గొడవ

ఫిల్టర్‌లో స్పెల్లింగ్ తప్పితే ఎర్రర్ రాదు. సర్వర్ 200 అని, అంటే అంతా బాగుందని చెప్పి, సున్నా వరుసలు పంపుతుంది. ఖాళీ జాబితాలో కాలమ్‌లే ఉండవు కాబట్టి నాలుగు మెట్లు కిందికి వెళ్లాక ‘మార్కెట్ అనే కాలమ్ దొరకలేదు’ అని ఎర్రర్ పడుతుంది. అందరూ ఆ నాలుగో మెట్టును సరిచేస్తూ కూర్చుంటారు. జబ్బు మొదటి మెట్టులో ఉంది.

మన ఊళ్ల పేర్లకు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులున్నాయో చెప్పక్కర్లేదు. మదనపల్లె చివర ఇ రాసేవాళ్లున్నారు, ఐ రాసేవాళ్లున్నారు. చిత్తూరులో ఓ ఒకటా రెండా అన్నది ఇంకో పంచాయితీ. అందుకే మొదటిరోజు రాష్ట్రం ఫిల్టర్ ఒక్కటే పెట్టి మొత్తం తెప్పించండి. జిల్లా, మార్కెట్, సరుకు కాలమ్‌లలో పేర్లు ఎలా ఉన్నాయో చూసి, అక్షరం పొల్లుపోకుండా అవే రాయండి. జిల్లా ఫిల్టర్ మీద ఆధారపడొద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు తిరుపతి వేరే జిల్లా అయింది, మదనపల్లె చిత్తూరు జిల్లాలోంచి బయటికి వెళ్లింది. డేటాలో పాత జిల్లా పేరుంటుందా కొత్తదుంటుందా అన్న మీమాంస ఎందుకు, మార్కెట్ పేరు మీదే వడకట్టండి.

ఒకరోజు ఫలానా యార్డు వరుస లేదంటే అక్కడ ధర లేదని కాదు, ఆరోజు ఆ యార్డు నుంచి వివరం అందలేదని. బంగారుపాళ్యంలోనో దామలచెరువులోనో తోతాపురి ఎంత పలికిందో ఈ జాబితాలో ప్రతిరోజూ ఉంటుందన్న భరోసాతో కాయ కొనుగోలు ధర కట్టకూడదు. ఖాళీని సున్నాగా మార్చే మెట్టు అసలే వద్దు, నెల సగటు కూలిపోతుంది.

తేదీ కాలమ్‌ది ఇంకో కథ. రోజు/నెల/సంవత్సరం వరుసలో టెక్స్ట్‌గా వస్తుంది. కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగ్ అమెరికాదైతే, టూలు తనంతట తాను వేసే ‘ఛేంజ్‌డ్ టైప్’ మెట్టు నెలనూ రోజునూ తారుమారు చేస్తుంది. 13వ తేదీ నుంచి ఎర్రర్ వస్తుంది కాబట్టి తెలుస్తుంది. 12 లోపు తేదీలు మాత్రం చడీచప్పుడు లేకుండా తప్పుగా మారిపోతాయి. జూన్ 5 కాస్తా మే 6 అవుతుంది. ఆ మెట్టు తీసేసి, కాలమ్ మీద కుడి క్లిక్ చేసి ‘యూజింగ్ లొకేల్’లో తేదీ, ఇంగ్లిష్ ఇండియా ఎంచుకోండి. అప్పుడు ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఒకేలా చదువుతుంది.

నిన్నటి ధర ఏమైంది?

ఈ జాబితా ఆనాటి ధరలదే. రిఫ్రెష్ కొడితే కొత్తవి వస్తాయి, నిన్నటివి పోతాయి. సీజన్ మొత్తం ధరల గ్రాఫ్ కావాలంటే పాతవి మనమే దాచుకోవాలి. పవర్ క్వెరీలో దానికి బటన్ లేదు. కానీ టేబుల్ తన పాత కాపీని తానే చదువుకునేలా చేయొచ్చు. మూడు క్వెరీలు కావాలి.

ఒకటోది ‘ఈరోజు’, సర్వర్ నుంచి తెచ్చి శుభ్రం చేసేది. దీన్ని కనెక్షన్ ఓన్లీగా, అంటే షీటులో పరవకుండా, ఉంచాలి. మూడోది ‘చరిత్ర’. మొదట ఇది ‘ఈరోజు’ను పిలవడం తప్ప ఏమీ చేయదు. దీన్ని షీటులోకి టేబుల్‌గా లోడ్ చేసి, ఆ టేబుల్‌కు గుర్తుండే పేరు పెట్టాలి. ఇప్పుడు రెండోది ‘పాతవి’ పుడుతుంది. ఎక్సెల్.కరెంట్‌వర్క్‌బుక్ ద్వారా ఆ టేబుల్‌నే చదువుతుంది, ఇదీ కనెక్షన్ ఓన్లీనే. ఆఖరున ‘చరిత్ర’లోకి తిరిగి వెళ్లి ‘ఈరోజు’నూ ‘పాతవి’నీ కలిపేలా మార్చాలి. తేదీ, మార్కెట్, సరుకు, రకం, గ్రేడు ఐదింటినీ ఎంచుకుని డూప్లికేట్లు తీసేయాలి. లేకపోతే రోజుకు మూడుసార్లు రిఫ్రెష్ కొట్టే గుమస్తా పుణ్యాన ప్రతి ధరా మూడుసార్లు చేరుతుంది. షీటులోంచి తిరిగి చదివిన తేదీకి గంటలు, నిమిషాలు అతుక్కుని వస్తాయి. ‘పాతవి’లో దాన్ని మళ్లీ తేదీ రకానికి మార్చకపోతే డూప్లికేట్లు దొరకవు.

ఈ అమరికలో బలహీనత ఒక్కటే. చరిత్ర అంతా ఆ టేబుల్‌లోనే ఉంటుంది. ఎవరైనా దాన్ని తుడిచి రిఫ్రెష్ కొడితే సీజన్ గోవిందా. వారానికోసారి ఫైల్ కాపీ తీసి పక్కన పెట్టాలి. షీటుకు 10,48,576 వరుసల హద్దుంది, నాలుగైదు మార్కెట్లు, పది సరుకులైతే దాని ఛాయకు కూడా పోరు.

క్వెరీలు మూడెందుకు, ఒక్కదాంట్లోనే రాయొచ్చుగా అంటే, ఫార్ములా ఫైర్‌వాల్ అనే కాపలాదారు ఉన్నాడు. ఒక క్వెరీ బయటి డేటాను నేరుగా ముట్టుకోవచ్చు, లేదా ఇంకో క్వెరీని పిలవొచ్చు. రెండూ కలిపి చేస్తే ఆపేస్తాడు. మీ షీటులోని రహస్యాలు తెలియకుండా బయటి సర్వర్‌కు పోకూడదన్నది దీని ఉద్దేశం. మంచి ఉద్దేశమే, సందేశమే దిక్కుమాలినది. ‘డేటా కలయికను తిరిగి నిర్మించండి’ అంటుంది, ఎలాగో చెప్పదు. మార్కెట్ పేరును ఒక సెల్‌లో రాసి దాన్ని ఫిల్టర్‌లోకి పంపాలనుకున్నప్పుడు ఇది తప్పకుండా ఎదురవుతుంది. సెల్ చదివే మెట్టునూ వెబ్ పిలుపునూ ఒకే క్వెరీలో రాసి, రెండు మూలాలకూ ఒకే ప్రైవసీ స్థాయి ఇవ్వండి. షీటు ‘ఆర్గనైజేషనల్’, వెబ్ ‘పబ్లిక్’ అని పెడితే మళ్లీ ఆపుతుంది. సంస్థ సమాచారం బహిరంగ చోటికి పోతోందని దాని భయం. పంపేది మార్కెట్ పేరే అయితే క్వెరీ ఆప్షన్స్‌లో ఈ ఫైల్ వరకు ప్రైవసీ స్థాయిలను పట్టించుకోవద్దని చెప్పొచ్చు. జీతాల షీటు ఉన్న ఫైల్‌లో ఆ పని చేయకండి.

పడిపోయినప్పుడు

ఎర్రర్‌లో సర్వర్ ఇచ్చే కోడ్ చూడండి. 401, 403 వస్తే కీ సంగతి. 404 వస్తే రిలేటివ్‌పాత్‌లో తప్పు. 429 అంటే మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారని. 408, 429, 503, 504, 509 వస్తే టూలు తనంతట తాను కొంచెం కొంచెం ఎక్కువ ఆగుతూ మూడుసార్ల వరకు మళ్లీ ప్రయత్నిస్తుంది, ఇది నిజంగా మెచ్చుకోదగ్గది. మాన్యువల్‌స్టేటస్‌హ్యాండ్లింగ్ ఆప్షన్‌లో మీరు ఏ కోడ్ రాస్తే దానికి ఈ మళ్లీ ప్రయత్నం ఆగిపోతుంది. తెలియక 503 కూడా అందులో రాసేవాళ్లున్నారు.

సర్వర్ నిదానంగా ఉంటే, జవాబు కోసం టూలు మామూలుగా ఆగేది 100 సెకన్లు. టైమ్‌అవుట్ ఆప్షన్‌లో 5 నిమిషాలని ఇవ్వొచ్చు, అంకెగా కాదు, డ్యూరేషన్ (వ్యవధి) రకంగా. అంతకన్నా మంచిది తక్కువ అడగడం: క్వెరీ రికార్డులో ఫిల్టర్ పెట్టకుండా దేశం మొత్తం తెచ్చుకుని షీటులో వడకట్టేవాళ్లే టైమ్‌అవుట్ గురించి ఎక్కువ ఫిర్యాదు చేస్తారు.

అన్నిటికంటే తికమక పెట్టేది, సర్వర్ 200 అని చెప్పి జేసన్‌కు బదులు ‘మరమ్మతులు జరుగుతున్నాయి’ లాంటి మామూలు వెబ్ పేజీ పంపడం. టూలు దాన్ని జేసన్‌గా చదవబోయి జేసన్‌లో అదనపు అక్షరాలున్నాయనో, అనుకోని అక్షరం తగిలిందనో అంటుంది. అప్పుడు ఊహలు కట్టేయండి. జేసన్.డాక్యుమెంట్ అన్నచోట తాత్కాలికంగా టెక్స్ట్.ఫ్రమ్‌బైనరీ అని రాయండి. సర్వర్ అసలేం పంపిందో ఉన్నదున్నట్టు కళ్లముందుంటుంది. ఈ ఒక్క చిట్కా గంటల పని ఆదా చేస్తుంది.

ఎడిటర్‌లో ఒక్కో మెట్టు చూస్తుంటే టూలు ప్రివ్యూ కోసం సర్వర్‌ను మళ్లీ మళ్లీ అడుగుతుంది. ఒక రిఫ్రెష్‌కు ఒకే పిలుపు అనుకోకండి. రోజువారీ హద్దు తక్కువున్న సర్వీసులతో పనిచేసేటప్పుడు క్వెరీ ఆప్షన్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ ప్రివ్యూల టిక్కు తీసేయండి.

పోస్ట్ పద్ధతి (డేటాను అడ్రస్‌లో కాక లోపల పెట్టి పంపడం) కావాలంటే కంటెంట్ అనే ఆప్షన్ రాస్తే చాలు, మామూలుగా అడిగే గెట్ కాస్తా పోస్ట్ అవుతుంది. అదీ అనానిమస్ లాగిన్‌తోనే. ముందు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పంపి టోకెన్ తీసుకుని, దాంతో రెండోసారి అడగాల్సిన సర్వీసులకు ఈ టూలు వద్దు. సాగదీస్తే సాగుతుంది, కానీ పాస్‌వర్డ్ కోడ్‌లో కూర్చుంటుంది.

ఏపీఐ లేని మామూలు వెబ్ పేజీ అడ్రస్ ఇస్తే పేజీలోని పట్టికలు వెతికి చూపిస్తుంది. పట్టిక తీరుగా ఉంటే చక్కగా వస్తుంది. కొండ మీద రద్దీ ఎంతుందో చూసి గదుల ధర కట్టాలనుకునే తిరుపతి లాడ్జీలకు ఇది ఆశగా కనిపిస్తుంది. అంకెలు వాక్యం మధ్యలోనో బొమ్మలోనో ఉంటే మాత్రం ఈ బటన్‌కు అందవు. అందినా పేజీ రూపు మారిన రోజు తెగిపోతుంది.

ఎవరికి తగును

ఎక్సెల్‌లో వెబ్‌సర్వీస్ అనే ఫార్ములా కూడా ఉంది. ఒక్క సెల్‌లోకి 32,767 అక్షరాల వరకే తెస్తుంది, జేసన్‌ను విప్పదు. ధరల జాబితాకు పనికిరాదు. గూగుల్ షీట్స్‌లో ఇంపోర్ట్‌డేటా కామాలతో విడదీసిన (సీఎస్‌వీ) ఫైల్‌ను బాగా తెస్తుంది, హెడర్లు పంపలేదు. జేసన్ కావాలంటే యాప్స్ స్క్రిప్ట్ రాయాలి. మామూలు జీమెయిల్ ఖాతాకు రోజుకు 20,000 పిలుపులిస్తారు, కంప్యూటర్ ఆపేసినా టైముకు నడుస్తుంది. పవర్ క్వెరీకి లేని గొప్ప సుఖం అదే. ఎక్సెల్ ఫైల్ తెరిచి ఉంటేనే రిఫ్రెష్ అవుతుంది. ప్రాపర్టీస్‌లో ఇన్ని నిమిషాలకోసారని, ఫైల్ తెరవగానే అని పెట్టుకోవచ్చు, అంతే.

మనిషి లేకుండా నడవాలంటే ఇదే క్వెరీని పవర్ బీఐకి తీసుకెళ్లాలి. డెస్క్‌టాప్ ఉచితం, విండోస్‌లోనే నడుస్తుంది. ఆన్‌లైన్‌లో ప్రో లైసెన్స్‌కు రోజుకు 8 సార్లు రిఫ్రెష్. అడ్రస్‌ను ముక్కలు చేయమని మొదట్నుంచీ పోరుతున్నది ఇక్కడికోసమే. పూర్తి లింకును అంపర్‌శాండ్ (&) గుర్తుతో అతికించి తయారుచేసి ఉంటే డెస్క్‌టాప్‌లో నిక్షేపంగా నడిచిన ఫైల్‌ను ఆన్‌లైన్ సర్వీస్ ‘డైనమిక్ డేటా సోర్స్’ అని పక్కన పెట్టేస్తుంది. మారని అడ్రస్, రిలేటివ్‌పాత్, క్వెరీ విడిగా ఉంటే అడ్డు చెప్పదు. పొట్టి అడ్రస్‌ను మాత్రమే పరీక్షించి ఎర్రర్ చూపిస్తే ‘స్కిప్ టెస్ట్ కనెక్షన్’ టిక్కు పెట్టండి.

మా మార్కులు 5కు 3.5. రోజుకోసారి, గెట్‌తో, కొన్ని వందల వరుసలు తెచ్చుకునే మండీకి, హోటల్‌కు, ఆడిటర్ ఆఫీసుకు ఇంతకంటే చవకైనది లేదు. లాగిన్ టోకెన్లు, వేల పేజీల జవాబులు ఉన్నచోట పైథాన్ తెలిసిన కుర్రాణ్ని పెట్టుకోండి. ఒకటిన్నర మార్కు కోసింది సందేశాలకు, ఆ ఒంటి పెట్టెకు.

చివరగా, రిఫ్రెష్ విఫలమైతే షీటులో పాత అంకెలు అలాగే ఉండిపోతాయి, అవి పాతవని షీటులో ఎక్కడా కనబడదు. ప్రతి వరుసకూ తెచ్చిన సమయం కాలమ్ ఒకటి చేర్చండి. డేట్‌టైమ్.లోకల్‌నౌ వాడితే ఎక్సెల్‌లో మన టైమే వస్తుంది. పవర్ బీఐ ఆన్‌లైన్‌లో మాత్రం గ్రీన్‌విచ్ టైము పడుతుంది, తిరుపతిలో పొద్దున 5 గంటలకు తెచ్చిన ధర నిన్న రాత్రి 11:30కి తెచ్చినట్టు కనబడుతుంది. డేట్‌టైమ్‌జోన్.యూటీసీనౌ తీసుకుని, స్విచ్‌జోన్‌కు 5, 30 ఇస్తే రెండుచోట్లా ఒకే గడియారం నడుస్తుంది.